మూడేళ్ళ వైద్యం

సోమవారం పొద్దున్న రాజమండ్రి ఆసుపత్రిలో స్కానింగు అయ్యాక డాక్టరమ్మ చెప్పిన మాటలు విని లోవలక్ష్మి ముఖం విప్పారింది. పక్కనే నిలబడ్డ ఆమె భర్త పల్లంరాజుకి మాత్రం చెమటలు పట్టాయి. గురువారం తొమ్మిదింటికల్లా ఇద్దరూ రావాలట. పల్లంరాజు అక్కడే, ఆసుపత్రిలోనే, సీసాలో వీర్యం ఇవ్వాలట. దాన్ని ల్యాబులో శుభ్రం చేసి, సన్నటి గొట్టంతో లక్ష్మి గర్భసంచిలోకి ఎక్కిస్తారట. కోత లేదు, మత్తు లేదు, పావుగంట పని. మాత్రలకీ సూదులకీ లొంగనివాళ్ళకి కూడా దీంతో కడుపు పండిన సంగతులు ఆవిడ రెండు మూడు చెప్పింది.

"మీ ఆయన రిపోర్టు బాగానే ఉంది. మళ్ళీ పరీక్షెందుకు, నేరుగా గురువారమే ఇచ్చేయండి" అంది ఫైలు తిరగేస్తూ.

ఆ ఫైలు లక్ష్మిది. మూడేళ్ళలో దాని అట్ట రెండుసార్లు మారింది. ఎక్స్‌రేలు, రక్తపరీక్షలు, బొడ్డు దగ్గర కోసి గొట్టం పెట్టి చూసిన ఆపరేషను కాగితాలు, అన్నీ కలిపి బరువుగా తయారైంది. అంత ఫైలులో పల్లంరాజుది ఒకే ఒక్క కాగితం, అది కూడా శుద్ధ అబద్ధం. ఆ రిపోర్టులో ఉన్నది అతనిది కాదు, అతని స్నేహితుడు అబ్బులుది.

తిరుగు బస్సులో లక్ష్మి కిటికీ పక్కన కూర్చుని మండపేట దాకా ఊరికే నవ్వుకుంది. ఆ తర్వాత గొంతు తగ్గించి, ఎప్పుడో అనుకుని పెట్టుకున్న మాట చెప్పింది. ఈసారి కూడా కాకపోతే అత్త చెబుతున్నట్టే అతనికి రెండో పెళ్ళి చేద్దామంది. తన బాబాయి కూతురు ఉంది, నెమ్మదైన పిల్ల, తనే వెళ్ళి మాట్లాడి ఒప్పిస్తానంది.

"లోపం నాలో పెట్టుకుని నిన్నెందుకు ఇలా తిప్పడం మావా? నీకు మాత్రం ఉండదా పిల్లల్ని ఎత్తుకోవాలని?"

రేపు బుట్టలోకి ఏ చేప తేవాలో చెప్పినంత మామూలుగా అంది ఆ మాట. పల్లంరాజు కండక్టరుని పిలిచి, తీసుకున్న టిక్కెట్టే మళ్ళీ అడిగాడు. కండక్టరు విసుక్కుంటే లక్ష్మి నవ్వింది. అతనికి నవ్వు రాలేదు. సిగ్గుతో అతని మెడ వెనక అంతా మండుతోంది.

రామచంద్రపురం మార్కెట్లో అత్తాకోడళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చుని చేపలమ్ముతారు. బాలింతకి పాలు పడాలని సొరపిల్లలు కొనడానికి వచ్చే ఆడవాళ్ళు లక్ష్మి బుట్ట దాటి వెళ్ళి ఆమె అత్త దగ్గర కొంటారు. పిల్లల్లేని చెయ్యి అని ఎవరూ నోరు తెరిచి అనరు. ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా లక్ష్మే, పల్లంరాజు పెట్టె దింపగానే, సొరపిల్లల్ని ఏరి అత్త బుట్టలో వేసేస్తుంది. ఆ రోజు సాయంత్రం కూడా బస్సు దిగి, చీర కుచ్చెళ్ళు పైకి దోపి, పొద్దున్నే దింపి వెళ్ళిన పెట్టె తెరిచి ముందు ఆ పనే చేసింది. పల్లంరాజు చూశాడు. మూడేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు, ఆ రోజు మాత్రం చూడలేక, మార్కెట్ దగ్గర వదిలిన మోపెడ్ తీసుకుని వెళ్ళిపోయాడు.

*

మంగళవారం తెల్లవారుజామున యానాం రేవులో చేపల వేలంపాటలో రెండు తట్టలు దక్కాయి. ఐసు దిమ్మని గోనెసంచిలో వేసి చెక్కసుత్తితో నాలుగు దెబ్బలు కొట్టాడు. పెట్టెలో అడుగున ఒక వరస ఐసు, దానిమీద చేపలు, పైన మళ్ళీ ఐసు, కొయ్యింగలు ఒకవైపు, పండుగొప్పలు ఒకవైపు. పన్నెండేళ్ళుగా చేస్తున్న పని, కళ్ళు మూసుకుని కూడా చేయగలడు. పెట్టె బిగించి మోపెడ్‌కి కట్టాక, రోజూలా బయల్దేరకుండా, ఒడ్డున వల బాగుచేసుకుంటున్న అబ్బులు దగ్గరికి వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు.

అబ్బులుకి ముగ్గురు పిల్లలు. మూడేళ్ళ కిందట, రామచంద్రపురంలో లక్ష్మిని చూసిన డాక్టరు భర్తకి కూడా పరీక్ష చెయ్యాలన్నప్పుడు, పల్లంరాజు సీసా పట్టుకుని వచ్చింది ఇతని దగ్గరికే. అప్పుడు అబ్బులు నవ్వాడు, వెనకాల పాకలోకి వెళ్ళి పని కానిచ్చి వచ్చాడు, మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆ రోజు పెట్టె లేకపోవడంతో పల్లంరాజు సీసాని చొక్కా లోపల దాచుకుని ల్యాబుకి తీసుకెళ్ళాడు. ఇప్పుడు పల్లంరాజు గురువారం సంగతి చెప్పి, తనతోపాటు రాజమండ్రి రావాలని, బాత్‌రూములోకి తను వెళ్ళినట్టే వెళ్ళి సీసా చేతులు మార్చుకుందామని చెబుతుంటే అబ్బులు నవ్వలేదు. వల సూది ఆపేశాడు.

"అప్పుడిచ్చింది పరీక్షకిరా. కాయితం మీద నీ పరువు నిలబడ్డానికి ఇచ్చాను. ఇప్పుడు నువ్వడిగేదేంటో నీకు తెలుస్తందా?"

ఎవరికీ తెలియదన్నాడు పల్లంరాజు.

"నాకు తెలుస్తది కదా. లక్ష్మి నన్ను అన్నయ్యా అంటది. రేపు ఆడపిల్ల పుట్టిందనుకో, మీ అమ్మ ఆ పిల్లని మా పెద్దోడికి మేనరికం అని వరస కలుపుతది. నేను మా ఇంట్లో ఏం చెప్పాలి? పెళ్ళి పందిట్లో నిలబడి ఏం చెప్పాలి?"

పల్లంరాజు అంత దూరం ఆలోచించలేదు. గురువారం ఎలా గడుస్తుందనే తప్ప పుట్టబోయేది ఒక పిల్ల అనీ, దానికి వరసలుంటాయనీ, అది పెరిగి ఎవరింటికో వెళ్ళాలనీ అతని బుర్రకి తట్టనే లేదు. అబ్బులు వల మడతపెట్టి లేచాడు. వెళ్ళేముందు, లక్ష్మికి చెప్పెయ్యరా అన్నాడు. ఆ మాట అనడం అతనికి తేలికే.

ఆ రోజు చేపలు మార్కెట్‌కి గంట ఆలస్యంగా వెళ్ళాయి. దారిలో రెండుచోట్ల మోపెడ్ ఆపి, ఎందుకాపాడో తనకే తెలియక, కాలవ గట్టున నిలబడి మళ్ళీ ఎక్కాడు.

*

బుధవారం పొద్దెక్కాక, మోపెడ్ చైను మార్పించాలని ఇంట్లో చెప్పి పల్లంరాజు ఒక్కడే రాజమండ్రి బస్సెక్కాడు. డాక్టరమ్మని కలిసే ధైర్యం లేదు. ల్యాబు చూసే రత్నమాణిక్యం గారు సోమవారం లక్ష్మితో మెత్తగా మాట్లాడింది, అందుకే ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. యాభై ఏళ్ళ మనిషి, చీర మీద తెల్లకోటు వేసుకుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, అప్పుడే క్యారేజీ విప్పి పెరుగన్నం కలుపుకుంటోంది. పల్లంరాజు గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడ్డాడు. అన్నం దగ్గర ఎవరైనా ఇలాంటి సంగతి చెబుతారా అని ఇంకో పావుగంట నిలబడ్డాడు.

ఆవిడ చేయి కడుక్కుని వచ్చాక చెప్పాడు. తలెత్తకుండా చెప్పాడు. తనలో బతికున్న కణం ఒక్కటీ లేదనీ, ఫైలులో ఉన్న రిపోర్టు వేరేవాళ్ళదనీ, భార్యకి ఈ సంగతి తెలియదనీ, రేపు ఏదో ఒక దారి చూపించమనీ చెప్పి రెండు చేతులూ జోడించాడు. రత్నమాణిక్యం కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ కోప్పడలేదు, ఆశ్చర్యపోలేదు కూడా. ఇలాంటివాళ్ళని వారానికొకరిని చూసే మనిషిలా తలాడించింది.

దారుందని చెప్పింది. కాలేజీ కుర్రాళ్ళు కొందరు వచ్చి ఇస్తారట. పేరు రాయరు, ఊరు రాయరు. రంగు, పొడుగు కాస్త సరిపోయేలా చూస్తారు. మొగుడూ పెళ్ళాల సంతకాలు ఒక కాగితం మీద ఉంటే చాలు.

"మరి మా ఆవిడకి చెప్పాలాండి?"

"చెప్పాలనే ఉంది కాయితంలో. బల్ల ఎక్కే ముందు నాలుగు కాయితాలు పెడతాం, నాలుగింటి మీదా సంతకం పెట్టేస్తారు. చదివేవాళ్ళని నేను చూళ్ళేదు. చాలామంది మగాళ్ళు చెప్పరు బాబూ. డాక్టరమ్మ గారు మొగుడి మాట మీదే నడుస్తారు."

పల్లంరాజు గుండె తేలికైంది. అంత తేలికైనందుకు తర్వాత ఎన్నోసార్లు సిగ్గుపడ్డాడు గానీ, ఆ క్షణాన మాత్రం, పుట్టేవాడు తన చామనఛాయలోనే ఉంటాడా అని అడిగాడు. లక్ష్మి ఏడో తరగతి చదివింది, మార్కెట్లో పేపరు ముక్కలు కూడా వదలకుండా చదువుతుంది. కానీ రేపు ఆ బల్ల దగ్గర, ఆశ మీద ఉన్న మనిషి, సంతకం పెట్టమంటే పెట్టేస్తుంది. ఆ సంగతి అతనికి బాగా తెలుసు, దాని మీదే ఆశ పెట్టుకున్నాడు.

రత్నమాణిక్యం కాగితం తీసి రాయడం మొదలుపెట్టింది. పేరు, వయసు. అసలు రిపోర్టు ఏదని అడిగింది. చించి కాలవలో పడేశానన్నాడు. ఎక్కడ చేయించారంటే కాకినాడన్నాడు. అక్కడే ఇచ్చారా అంటే, లేదు, ఇంటి దగ్గర ఇచ్చి తీసుకెళ్ళానన్నాడు. పాడవకుండా గంటలోగా తెచ్చేయమన్నారనీ, ఎండాకాలం కాబట్టి తను చాలా జాగ్రత్తగా తీసుకెళ్ళాననీ, చేపల పెట్టెలో ఐసు మధ్య దోపి, మూత బిగించి, ఎక్కడా ఆగకుండా వెళ్ళాననీ చెప్పాడు. పాడవడానికి వీల్లేదన్నాడు. పన్నెండేళ్ళలో అతని పెట్టెలో ఒక్క చేపా పాడవలేదు.

రత్నమాణిక్యం కలం కింద పెట్టేసింది.

"ఐసులోనా?"

"అవునండి."

"అది బతికుండాల్సిన సరుకయ్యా. ఒంటి వేడి మీద తేవాలి, జేబులో పెట్టుకుని తేవాలి. ఐసులో పెడితే ఎవడిదైనా చస్తుంది."

అతనికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. చేప నీళ్ళలోంచి తీశాక చచ్చినట్టే లెక్క, దాన్ని కుళ్ళకుండా చూడ్డమే అతని వృత్తి. బతికున్నదాన్ని బతికుండగా మోసుకెళ్ళడం అతనికెప్పుడూ అవసరపడలేదు. ఆ మాట ఆ రోజు కాకినాడలో అడిగుంటే ల్యాబు కుర్రాడు చెప్పి ఉండేవాడు. కానీ కుర్రాడు రిపోర్టు చదివి, ఒక్కటీ కదలట్లేదండీ, అన్నీ చచ్చినవే అన్నప్పుడు, చుట్టూ జనం ఉన్నారని కాగితం లాక్కుని వచ్చేశాడు.

ఆవిడ సీసా చేతికిచ్చి వరండా చివర గది చూపించింది. అతనికి చాలాసేపు పట్టింది. గోడవైపు తిరిగి నిలబడి, పెళ్ళైన కొత్తలో లక్ష్మి నవ్వేది గుర్తు తెచ్చుకోబోతే ఆపరేషనయ్యాక పొట్ట పట్టుకుని మెట్లు దిగిన లక్ష్మే గుర్తొచ్చింది. చివరికి సీసా గుప్పెట్లో మూసుకుని తెచ్చి ఇచ్చాడు.

అరగంట తర్వాత ఆవిడ పిలిచి, మైక్రోస్కోపులో చూడమంది. ముందు తన కనురెప్పే కనిపించింది. తర్వాత, తెల్ల పళ్ళెంలో పోసిన రొయ్యపిల్లల సీడులాగా, లెక్కలేనన్ని చుక్కలు అటూ ఇటూ పరుగెడుతున్నాయి. పల్లంరాజు కన్ను తీయలేదు. అవి నీవేనయ్యా, ఆడా మగా ఎవరూ వంక పెట్టడానికి లేదు అంది రత్నమాణిక్యం.

సంతోషం ఎంతసేపో ఉండలేదు. మరైతే పిల్లలెందుకు పుట్టలేదని అడిగాడు. ఆవిడ లక్ష్మి ఫైలు తెప్పించి ఒక్కొక్క కాగితం తిప్పింది. అండం దిగే గొట్టాలు తెరిచే ఉన్నాయి, గర్భసంచి బాగుంది, ఆపరేషన్లో కూడా ఏమీ దొరకలేదు. కొందరికి కారణం దొరకదట, ఆలస్యమవుతుందంతే. మొగుడి రిపోర్టు అంత బాగుంది కాబట్టి లోపం ఈమెలోనే ఉంటుందని వెతుకుతూ పోయారంది. ఆ మాట ఎవరినీ తప్పుపట్టకుండా, కాగితాల వంక చూస్తూ చెప్పింది.

"రేపు మీదే ఇవ్వండి. ఇంకెవరికీ ఏమీ తెలియక్కర్లేదు" అని కూడా అంది. తను రాస్తున్న కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసింది.

బస్సులో పల్లంరాజుకి సీటు దొరికింది గానీ కూర్చోలేకపోయాడు. నిన్నటిదాకా ఒక లోపం ఉంది, దాన్ని దాచుకున్నాను అనుకునేవాడు. లోపమున్న మనిషి మీద తనకే కొంచెం జాలి ఉండేది. ఇప్పుడా లోపం లేదు, ఆ జాలీ లేదు. దాచిందొక్కటే మిగిలింది.

*

గురువారం తొమ్మిదిన్నరకి సీసా ఇచ్చాడు. శుభ్రం చెయ్యడానికి గంట పైన పడుతుందని వరండాలో కూర్చోమన్నారు. లక్ష్మి తలంటుకుని, కొత్త చీర కట్టుకుని వచ్చింది. బెంచీ మీద అటూ ఇటూ ఇలాంటి జంటలే, ఎవరూ ఎవరి ముఖమూ చూడరు. లక్ష్మి అతని చేతి మీద చెయ్యి వేసి, రాత్రంతా నిద్రపోలేదా మావా, కళ్ళు ఎర్రగా ఉన్నాయంది. నాకోసం నువ్వు కూడా ఈ గదుల్లోకి వెళ్ళాల్సి వచ్చింది అంది.

ఆ మాటతో అతను ఇక ఆగలేకపోయాడు. ధైర్యం వచ్చి చెప్పలేదు, మొయ్యలేక చెప్పాడు. నీలో ఏ లోపమూ లేదు లక్ష్మీ అని మొదలుపెట్టి, కాకినాడ, ఐసు, అబ్బులు, నిన్న మధ్యాహ్నం, అన్నీ చెప్పాడు. కాలేజీ కుర్రాళ్ళ సంగతీ, తను దానికి ఒప్పుకున్న సంగతీ కూడా దాచలేదు.

లక్ష్మి చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఒక్కొక్కటే అడిగింది.

"కాకినాడెళ్ళింది ఎక్స్‌రేకి ముందా?"

"ముందే."

"సూదులకి?"

"అన్నిటికీ ముందే."

"బొడ్డు దగ్గర కోసిన రోజు నువ్వు తలుపు బయటే ఉన్నావు. నేను లోపలికెళ్తూ భయమేస్తంది మావా అన్నాను. నీకు తెలుసా అప్పటికి?"

"తెలుసు."

ఆ ఒక్క మాటకి ఆమె ముఖం చూడలేక అతను తల దించుకున్నాడు. ఏడుస్తుందనుకున్నాడు, నలుగురిలో తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేదనుకున్నాడు. ఆమె అటువైపు గోడకున్న గడియారం చూస్తూ కూర్చుంది.

పదకొండు కావస్తుండగా రత్నమాణిక్యం వచ్చి లక్ష్మి పేరు పిలిచింది. లక్ష్మి లేచి, ఆవిడ దగ్గరికి వెళ్ళి అడిగింది.

"మీ దగ్గరున్నది ఎవరిదండి?"

రత్నమాణిక్యం పల్లంరాజు వైపు చూసింది. విషయం అర్థమైంది. "మీ ఆయనదేనమ్మా. నా చేతుల్తో తీసుకున్నాను" అంది.

"మీరు చెప్పారు గనక నమ్ముతానండి. ఈవేళ వద్దండి."

అంతా సిద్ధంగా ఉందని, గుడ్డు విడుదలయ్యే రోజు ఇదేనని, ఈ నెల వేసిన సూదులన్నీ వృథా అవుతాయని, శుభ్రం చేసింది ఎక్కువసేపు ఆగదని రత్నమాణిక్యం నచ్చజెప్పింది. లక్ష్మి అన్నీ వింది. మర్యాదగానే జవాబు చెప్పింది.

"మూడేళ్ళు మీరు ఎక్కమన్నప్పుడల్లా బల్లెక్కానండి. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. మళ్ళీ నాకు ఎక్కాలనిపిస్తే నేనే వస్తాను."

ఫైలు ఇమ్మని తీసుకుని, చంకలో పెట్టుకుని బయటికి నడిచింది. పల్లంరాజు రెండడుగులు వెనకగా నడిచాడు. బస్సులో ఆమె ముందువైపు ఆడవాళ్ళ సీట్లలో కూర్చుంది, అతను వెనక కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. పుట్టింటికి వెళ్ళిపోతుందేమోనని, ప్రతి స్టాపులోనూ ఆమె లేస్తుందేమోనని చూస్తూనే ఉన్నాడు. ఆమె రామచంద్రపురంలోనే దిగింది. ఇంటివైపు కాకుండా మార్కెట్ వైపు తిరిగింది.

రెండో పూట బేరాలు అప్పుడే మొదలవుతున్నాయి. వరసలో పదిమంది ఆడవాళ్ళు బుట్టలు సర్దుకుంటున్నారు. పల్లంరాజు తల్లి రామలక్ష్మి పండుగొప్పకి పొలుసు తీస్తూ, కోడలి కొత్త చీర చూసి, ఎక్కించారా, డాక్టరమ్మ ఏమందే అని వరసంతా వినపడేలా అడిగింది. మూడేళ్ళుగా ఈ ప్రశ్నకి లక్ష్మే జవాబు చెబుతోంది. కాలేదత్తా అనో, వచ్చే నెల రమ్మన్నారత్తా అనో, తప్పు చేసినదానిలా గొంతు తగ్గించి చెబుతుంది. ఈవేళ కొత్త చీర మీదే పీట మీద కూర్చుని, కత్తిపీట ముందుకి లాక్కుంది.

"నీ కొడుకు చెప్తాడత్తా."

పక్కనున్నవాళ్ళు తలలు తిప్పారు. పల్లంరాజుకి నాలుక మీదికి అబద్ధమే వచ్చింది. డాక్టరమ్మ ఊళ్ళో లేదని చెబితే చాలు, ఈ పూట గడిచిపోతుంది. లక్ష్మి అతని వైపు చూడడం లేదు. కొయ్యింగని చేతిలోకి తీసుకుని తోకవైపు నుంచి పొలుసు తీస్తోంది. ఆ చేతుల్లో తొందర లేదు.

అతను తల్లి బుట్ట ముందు, చేపల నీళ్ళ తడిలోనే గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, తప్పు లక్ష్మిది కాదు. అది డాక్టరు దగ్గరికి వెళ్ళక ముందే నేనోసారి కాకినాడ వెళ్ళాను. నీకు చెప్పలేదు, దానికీ చెప్పలేదు."

అతని గొంతు అతనికే సరిగ్గా వినపడలేదు. తల్లి కత్తి ఆపి, ఏంట్రా నువ్వనేది అంది. లక్ష్మి చేప మీంచి చూపు తిప్పకుండానే అంది:

"గట్టిగా చెప్పు మావా. ఆ చివరోళ్ళకి వినపడట్లేదు."

పల్లంరాజు లేచి నిలబడ్డాడు. వరస చివరిదాకా ఒకసారి చూసి, మళ్ళీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టాడు.